కూర్మనాథం బావ లెక్కలో నాలుగోవాడు

మా కూర్మనాథం బావకి మనుషుల్ని లెక్కపెట్టడం రాదు. ఎంతమంది ఉన్నా ఒకరిని ఎక్కువే చెబుతాడు. నలుగురుంటే ఐదు టీలు తెప్పిస్తాడు. మా అక్క బాలసరస్వతి కాపురానికెళ్లిన రోజు ఇద్దరికి వండితే, ఆయన మూడు విస్తళ్లు వేశాడు.

"మూడోది ఎవరికండీ?" అంది అక్క బిక్కచచ్చిపోయి.

"ఎవరో ఒకరు వత్తారు."

ఎవరూ రాలేదు. ఆ విస్తరి ముందు కూడా ఆయనే కూర్చుని తిన్నాడు.

పలాసలో ఆయనది పడవ ఇంజన్ల సామాన్ల షాపు. పక్కనే నా జిరాక్స్ షాపు. మిగిలిన టీ ఇరవై ఏళ్లుగా నాకే వస్తోంది కనక, ఈ జబ్బు గురించి నేనెప్పుడూ నోరెత్తలేదు.

నిరుడు భావనపాడు నుంచి లోకనాథ్ వచ్చాడు. తన తెరచాప పడవకి చిన్న ఇంజను బిగించుకున్నాడు. నీటిలో తిరిగే పంకా కావాలి.

"పది-తొమ్మిది ఇయ్యి మావా. మా త్రినాథ్ బావ అదే ఏసుకున్నాడు."

పది అంటే పంకా వెడల్పు, అంగుళాల్లో. తొమ్మిది రెక్కల వంపు. వంపు ఎక్కువైతే పడవ జోరుగా పోతుంది. కానీ బరువు పడిందంటే ఇంజను రొప్పుతుంది.

"ఎంతమంది ఎక్కుతారు?" అన్నాడు బావ కాగితం తీసి.

"ముగ్గురం."

"నలుగురు," అని రాసుకున్నాడు.

"నలుగురేటి? నేను, తమ్ముడు, సిన్నాన్న!"

బావ వినిపించుకోలేదు. తడిసిన వల బరువు, పడితే పడే చేప బరువు అడిగి రాశాడు. చివర "నాలుగోవాడు – వెయ్యి కేజీలు" అని రాసి అన్నీ కూడాడు.

"ఆడు మనిసా, ఏనుగా మావా?"

"పది-ఏడు పట్టికెల్లు. నీకు తొమ్మిది నేనమ్మను."

చేసేదిలేక అదే కొన్నాడు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది. రోజూ త్రినాథ్ ముందే ఒడ్డుకి చేరిపోతాడు. ముందొచ్చిన చేపకే మంచి ధర. వారానికోసారి లోకనాథ్ షాపుకొచ్చి పోట్లాడేవాడు.

"మా బావ సేపలమ్మేసి, అన్నం తినీసి, కునుకు తీసి లేసేసరికి నేను ఒడ్డుకొత్తన్నాను! పంకా మార్సు!"

"ఎంతమందొత్తన్నారు?"

"ముగ్గురం!"

"సూసావా, నాలుగోవోడు ఇంకా రానేదు. అప్పుడే మార్సీమంటే ఎలాగ?"

నిజం చెప్పొద్దూ, నాకూ కోపమొచ్చింది. పాపం, కష్టపడి బతికేవాడితో ఈ వేళాకోళమేమిటి అనుకున్నాను. ఆ రోజు టీ తాగలేదు.

మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం సముద్రం మీద గాలి ఒక్కసారిగా పడిపోయింది. త్రినాథ్ పడవ నిండా చేప. తెరచాప వేలాడిపోయింది. ఆ బరువుకి ఇంజను రొప్పి, కాలి, ఆగిపోయింది. నీటి వాలుకి పడవ సముద్రం లోపలికి కొట్టుకుపోతోంది. వెనకగా వస్తున్న లోకనాథ్‌కి ఎవరో తువ్వాలు ఊపుతున్నట్టు కనిపించింది. వెళ్లి తాడు కట్టాడు. పది-ఏడు పంకా నింపాదిగా తిరుగుతూ, పొద్దు గుంకేలోగా రెండు పడవల్నీ ఒడ్డున పెట్టింది. ఒడ్డున నిలబడి ఉన్న త్రినాథ్ పెళ్లాం దాలమ్మ అప్పటిదాకా గుక్కెడు నీళ్లయినా ముట్టలేదట.

మర్నాడు లోకనాథ్, దాలమ్మ షాపుకొచ్చారు. లోకనాథ్ జేబులోంచి, ఆనాడు బావ లెక్క రాసిన కాగితం తీశాడు. నలుగురికీ చూపించి నవ్వడానికి దాచుకున్నదే.

"మావా, ఈ వెయ్యి కేజీలోడు మా త్రినాథ్ బావా?"

"ఆడే అని నాకేటి తెలుసు? నీటి మీదకెల్లినాక ఎవడో ఒకడు ఆగిపోతాడు. ఆణ్ణొగ్గీసి రావుగదా."

"ఆ మాట ముందే సెప్పొచ్చు గదా!"

"సెప్తే కొందువేటి?"

లోకనాథ్ తల గోక్కున్నాడు. నేనూ గోక్కున్నాను. వారం వారం తిట్లు తిని కూడా ఈయన అసలు సంగతి బయటపెట్టలేదని తలుచుకుంటే, నాకు ఒక్కసారిగా ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

దాలమ్మ కళ్లొత్తుకుని చేపల బుట్ట దించింది. "మీ ఇంట్లో ఎంతమంది బావూ?"

బావ మొహమాటపడిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లెక్క సరిగ్గా చెప్పాడు. "ఇద్దరమేనమ్మా."

దాలమ్మ మూడు చేపలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మూడోదెందుకమ్మా?"

"ఎవరో ఒకరు వత్తారు గదా బావూ."

ఆ పూట అక్క మూడు విస్తళ్లు తనే వేసింది. మూడోదాని ముందు నేను కూర్చున్నాను.