కడిగేసిన సీసా

మా ఆఫీసు భవనాన్ని శుభ్రం చేసే ఆవిడని అందరం తళతళ అంటాం. ఎదురుగానే అంటాం, ఆవిడ పలుకుతుంది కూడా. ఆవిడ తుడిచిన మెట్ల మీద చెప్పులతో నడవాలంటే మొహమాటంగా ఉంటుంది. మేనేజరు గదికున్న అద్దం తలుపుని ఎంతలా తుడిచేదంటే, పాపం ఆయన అక్కడ తలుపే లేదనుకుని వెళ్లి నుదురు బొప్పి కట్టించుకున్నాడు. అప్పట్నించీ ఆ తలుపుకి ఎర్ర టేపు అంటించారు. ఆ టేపు అంచుల్లో చేరే మురికిని కూడా గోటితో గీకి తీస్తుంది.

మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు, వ్యాను నడిపే మరిది, వాళ్లకో చిన్న కూతురు. చెల్లెలి కిడ్నీలు రెండూ పాడైపోతే తనది ఒకటి తీసి ఇచ్చింది. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు, ఏదో ఆపరేషనని సెలవు పెట్టిందంతే. తిరిగొచ్చాక బకెట్టు ఎత్తబోతూ నడుం పట్టుకుంటుంటే నేనే నిలదీశాను.

"ఇక్కడ ఇద్దరు చేసే పని లేదమ్మా. ఒకదానికి అక్కడ ఉద్యోగం వేయించాను" అంది, నవ్వకుండా.

పెట్టిన కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా ఆ చెల్లెలు రోజూ మందులు మింగాలి. ఆ మందులు రోగాన్ని ఎదుర్కొనే శక్తిని అణిచేస్తాయి. "ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి" అని డాక్టరు చెప్పి పంపాడు. అందరికీ చెప్పే మాటే. కానీ ఆ మాట వినకూడని మనిషి చెవిన పడింది.

ఇక్కడ పని ముగియగానే ఇంటికెళ్లి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడు చెల్లెలింటికి వెళ్లేది. మంచం కోళ్లు, కిటికీ ఊచలు, స్విచ్చులు, పాప బొమ్మలు, అన్నీ తుడిచేది. ఆఫీసులో వాడే బ్లీచింగ్ ఘాటు చెల్లెలికి ఊపిరాడనివ్వదని, ఖరీదైనా పూల వాసనొచ్చే స్ప్రే సీసా కొంది. తనకి సబ్బు కూడా బేరమాడి కొనుక్కునే మనిషి. ఆ గదిలోకి వెళ్తే పూలతోటలోకి వెళ్లినట్టుందని మరిదే మెచ్చుకున్నాడట.

చెల్లెలికి ముందు దగ్గు పట్టుకుంది, తర్వాత జ్వరం. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. ఇచ్చిన కిడ్నీ చివరిదాకా నిక్షేపంగా పనిచేసింది, మనిషే దక్కలేదు.

ఆస్పత్రిలో డాక్టరు ఆ క్రిమికి ఏదో నోరు తిరగని పేరు చెప్పాడు. అది ఎక్కణ్నించి వచ్చిందని మరిది అడిగాడు.

"తడి ఉండే ఏ చోటు నుంచైనా రావచ్చు. సింకులు, కుళాయిలు, మరుగుదొడ్లు."

మరుగుదొడ్లు అన్న మాట దగ్గర మరిది తల తిప్పి వదిన చేతుల వంక చూశాడు. ఆ చూపు గురించి చెప్పేటప్పుడే తళతళ గొంతు మొదటిసారి వణకడం విన్నాను. చెల్లెలి చావు గురించి చెప్పినప్పుడు కూడా అలా వణకలేదు.

కర్మకాండలయ్యాక అతను మెల్లిగానే చెప్పాడు. "పాపని కొన్నాళ్లు ముట్టుకోకు వదినా. తప్పుగా అనుకోకు. నువ్వు చేసే పని అలాంటిది." ఆ కొన్నాళ్లు ఎంతకీ అయిపోలేదు. బడి నుంచి తీసుకొచ్చి, తినిపించి, జడలేసిన పెద్దమ్మ ఇప్పుడు బడి గేటుకి అవతల చెట్టు కింద నిలబడి చూసి వచ్చేది. పిల్ల కనిపెట్టి చెయ్యూపితే తనూ ఊపేది, దగ్గరికి మాత్రం వెళ్లేది కాదు. ఇంత చేసిన మనిషిని అలా వెలివేసినట్టు ఉంచాడే అని నాకు ఒళ్లు మండిపోయేది. "వాడి భయం వాడిది లేమ్మా" అనేది ఆవిడ.

అలాంటప్పుడు ఒకరోజు ఫోనులో వార్త చూశాను. ఆ పూల వాసన స్ప్రే సీసాల్లో కొన్నిట్లో తయారీలోనే క్రిములు చేరాయని తేలిందట, కంపెనీ వెనక్కి తీసుకుంటోందట. ఆరోగ్యవంతులకి ఏమీ కాదట, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకే ప్రమాదమట. సీసా మెడ మీది నంబరు ఫొటో పంపితే కొన్న ధర వెనక్కిస్తారట. క్రిమి పేరు చూశాను. తళతళ తెచ్చి చూపించిన ఆస్పత్రి చీటీలో డాక్టరు రాసిన పేరే.

పరిగెత్తి చూపించాను. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, తను అప్పుడే తుడిచిన తడి మెట్టు మీద కూలబడింది.

"అయితే నేను కాదన్నమాట" అంది. ఫోను నా చేతికిచ్చేస్తూ, "చల్లింది నేనే కదా" అంది.

మర్నాడు సీసా తెచ్చింది. ఆవిడ ఇంట్లో ఏ సీసా ఖాళీ అయినా చెత్తలోకి పోదు. వేడినీళ్లలో నానబెట్టి కాగితం ఒలిచేస్తుంది, లోపలా బయటా పీచుతో తోముతుంది, ముద్రల్ని థిన్నరుతో చెరిపేస్తుంది, ఎండబెట్టి దాస్తుంది. ఈ సీసానీ అలాగే చేసింది. నంబరు లేదు, పేరు లేదు, లోపల చుక్క మిగల్లేదు. అందులో గుండీలు పోసుకుంది. ఏ కోర్టూ అంత శుభ్రమైన సాక్ష్యాన్ని చూసి ఉండదు.

నాకు తెలిసిన లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మంచిది, ఓపిగ్గా చెప్పింది. దుకాణం కంప్యూటర్లో ఫోను నంబరు మీద కొన్న రికార్డు ఉంది కాబట్టి కేసు వేయవచ్చు. కానీ సీసా పరీక్షించడానికి లేదు కాబట్టి, ఆ క్రిమి ఇందులోంచే వచ్చిందని రుజువు చేయడం కష్టం. ఇంకో చిక్కు ఉంది.

"కొన్నది మీరు కాబట్టి సీసా గురించి మీరు అడగొచ్చు. మనిషి గురించి అడగాల్సింది ఆమె భర్త, బిడ్డ."

"నాకు డబ్బు వద్దమ్మా. అది సీసాలోంచే వచ్చిందని వాళ్లచేత ఒక్క మాట చెప్పించండి చాలు. మా మరిదికి చూపించుకుంటాను."

"చివరిదాకా నడిపితే తీర్పులో ఆ మాట రావచ్చు. మధ్యలో రాజీ పడితే మాత్రం రాదు."

మరిదిని పిలిచారు. వచ్చాడు, కాగితాలన్నీ చదివాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నమ్మినట్టే కనిపించాడు. అతని పేరు మీదే కంపెనీకి నోటీసు వెళ్లింది. ఆ వారమంతా తళతళ మెట్లు తుడుస్తూ కూనిరాగం తీసింది. పాపకి రిబ్బన్లు కూడా కొని పెట్టుకుంది.

కంపెనీ జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. తీరని నష్టానికి చింతిస్తున్నామంటూ మొదలుపెట్టి, మరణానికి మా సీసా కారణమనడానికి ఆధారం లేదన్నారు. రోగికి రోజూ సేవ చేసిన అక్కగారు వృత్తిరీత్యా మరుగుదొడ్లు కడుగుతారని, క్రిమి ఆమె చేతుల ద్వారా వచ్చి ఉండవచ్చని రాశారు. మరిది మనసులో మెదిలిన అనుమానాన్ని ఎవరో గది నిండా కూర్చున్న చదువుకున్నవాళ్లు చక్కటి భాషలో పెట్టి, ముద్ర వేసి పంపారు. చివర్లో, మానవతా దృష్టితో కొంత సొమ్ము ఇస్తామన్నారు. ఆ కాగితాన్ని చింపి పోగులు పెట్టాలనిపించింది నాకు.

కేసు నడిస్తే గెలుస్తామో లేదో, ఎప్పటికి తేలుతుందో లాయరమ్మ చెప్పలేకపోయింది. ఆలోచించుకుంటానని మరిది వెళ్లిపోయాడు.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసుకే వచ్చాడు. మేమిద్దరం మెట్ల కింద గదిలో తింటున్నాం. నిలబడే చెప్పాడు.

"సంతకం పెట్టేశాను వదినా."

ఆవిడ ముద్ద పళ్లెంలో వదిలేసింది. "ఏమని రాసుంది?"

"ఎవరి తప్పూ కాదని. ఇకమీదట దీని గురించి ఎవరం ఎక్కడా ఎత్తకూడదని."

"సీసాలోంచి రాలేదని ఒప్పుకున్నావా?"

"పాప ఉంది వదినా. కోర్టుల చుట్టూ తిరుగుతూ కూర్చుంటే వ్యాను ఎవరు నడుపుతారు?"

"అంటే నా చేతుల్లోంచి వచ్చిందని సంతకం పెట్టావన్నమాట."

అతను అలా రాయలేదన్నాడు. రాయలేదు, నిజమే. అవతలివాళ్లది కాదని రాసి ఊరుకుంటే ఇంకెవరు మిగులుతారో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. నేను లేచి నాలుగు మాటలు అనబోయాను. తళతళ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

అతను తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు, అదే నాకు ఇంకా కోపం. "ఆదివారాలు పాపని తీసుకొస్తాను. నీకోసం బెంగపెట్టుకుంది. కాకపోతే..."

"చెప్పు."

"ముందు రోజు నుంచీ డ్యూటీకి వెళ్లకు. మేం వచ్చాక చేతులకి గ్లౌజులు తొడుక్కో. నా మనశ్శాంతికి."

ఏ తప్పూ చేయని మనిషి ఆ మాటకి లేచి గయ్యిమంటుందని ఎదురుచూశాను. నా ఎదురుగా కూర్చున్న మనిషి తన రెండు చేతుల్నీ ఒళ్లోకి తీసుకుని, బోర్లించి, తిప్పి చూసుకుంది.

"అలాగే. పాపకి జడలేసేటప్పుడు కూడా తొడుక్కోనా?" అని అడిగింది.

అతను ఆలోచించి, తొడుక్కోమన్నాడు.