మడుగులో తవుడు సంచి

ఒక మడుగులోని చేపలన్నిటికీ సాయంత్రం కడుపు నిండా పెట్టి, తెల్లారి వాటి ముందు గాలం పట్టుకుని నిలబడ్డ మనిషి కథ ఇది. ఆ మనిషి నేనే. నా తెలివి వల్ల ఒక పెద్దావిడ భోజనం, ఒక కుటుంబం స్నేహం, మా ఊరి పరువు ఒకే పూట నీళ్లలో కలవబోయాయి. మా ఊరి పరువు కలిసే పోయింది. మిగతా రెండూ ఒడ్డెక్కాయి. ఎక్కించింది మా ఆవిడ.

అప్పటికి నాకు నలభై నిండలేదు. జెద్దా ఓడరేవులో క్రేన్ల మరమ్మతులు చూసే ఇంజనీరుని. మా ఆవిడ స్వరూప అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమెది జగిత్యాల దగ్గర పల్లె, నాది కొల్లేటి ఒడ్డు. ఆమె వార్డులో ఉమ్మ్ సాలెహ్ అనే పెద్దావిడ ఉండేది. ఉమ్మ్ సాలెహ్ అంటే సాలెహ్ తల్లి. అక్కడ పెద్దవాళ్లను పెద్దకొడుకు పేరుతో పిలుస్తారు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడకు తిండి సయించలేదు. పరీక్షలన్నిట్లోనూ ఆవిడ నెగ్గింది, ముద్ద మాత్రం మింగలేదు. చిక్కి సగమైంది.

ఒకరోజు స్వరూప తన డబ్బా మూత తీస్తే ఆవిడ తల తిప్పి అదేమిటని అడిగిందట. చేపల పులుసు అంటే, ఒకసారి నాకూ వండిపెట్టు అందట. అన్నాళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగిన తిండి అదొక్కటే. కొడుకు సాలెహ్ ఆ మాటను నేల మీద పడనివ్వలేదు. తల్లి ఇంటికి రాగానే, ఉస్ఫాన్ దారిలో ఉన్న తమ ఖర్జూర తోటకు శుక్రవారం భోజనానికి మమ్మల్ని పిలిచాడు. గురువారం సాయంత్రమే వచ్చి ఉండాలి. పులుసు స్వరూప చేయాలి. చేప వాళ్ల మడుగులోదే.

ఆ మడుగు తోటకు నీళ్లు పెట్టుకోవడానికి తవ్వించింది. అందులో తిలాపియా చేపలు ఎప్పటినుంచో ఉన్నాయి. సాలెహ్ వాటికి తోడు తీరం నుంచి సీబాస్ పిల్లల్ని తెచ్చి వదిలాడు. సీబాస్ అంటే మన పండుగప్పే. ఈ చేపలంటే సాలెహ్‌కు ప్రాణం. వల వేయనివ్వడు. రావాలనుకున్న చేపే రావాలి, గాలంతోనే రావాలి అంటాడు. అతని దగ్గర ఉన్న గాలపు కర్రలు మా వీధిలో ఉన్న గొడుగులకన్నా ఎక్కువ.

గురువారం మేం కారు దిగగానే, మా ఊరు చేపలకు పేరని విన్నానని, తన తల్లి చేపను నేనే పట్టాలని సాలెహ్ అన్నాడు. నాకు రాదు అని ఒక్క మాట అంటే ఈ కథ ఉండేది కాదు. నేను చిన్నగా నవ్వి, దూరంగా చూస్తూ తలాడించాను. చేపలు పట్టేవాళ్లు అలా చూస్తారని ఎక్కడో చదివాను.

అవును, చదివాను. చిన్న సరస్సుల్లో బాస్ చేపలు పట్టడం మీద ఒక లావుపాటి పుస్తకం ఆ వారమే పూర్తి చేశాను. నీడ నీటి మీద పడకూడదు, అడుగు చప్పుడు కాకూడదు లాంటివన్నీ కంఠతా వచ్చు. చేపపిల్లకు ఈత నేర్పనక్కర్లేదంటారు. చేపల ఊరి పిల్లాడికి మాత్రం గాలం నేర్పాలి. మా ఊళ్లో చేపలు పట్టేది మనుషులు కాదు, ముఠాలు. లారీ వస్తుంది, వల దిగుతుంది, మేం గట్టు మీద నిలబడి చూస్తాం. నేను దాన్ని కూడా పుస్తకంలోంచి అప్పుడప్పుడు తలెత్తే చూశాను.

స్వరూపకు ఇదంతా తెలుసు. గదిలోకి వెళ్లగానే అడిగింది.

"మీకు గాలం ఏసుడు ఎప్పటిసంది వస్తది?"

"మాది కొల్లేరు."

"అయితేంది? మా దిక్కు ఇంటింటికి బీడీలు సుడతరు. నాకు ఒక్కటన్న సుట్టొస్తదా?"

"పుస్తకం చదివాను."

"చేపలు గూడ చదివినయా?"

నేను మడుగు దగ్గరికి నడిచాను. అక్కడ నిలబడి ఆలోచిస్తుంటే నా పుట్టిన ఊరు నాకు సాయానికి వచ్చింది. కొల్లేటి చెరువుల్లో వెదురు గడలు పాతి, తవుడు నింపిన సంచులకు చిల్లులు పొడిచి వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి తింటాయి. చెరువులో చేపంతా అక్కడే గుమిగూడుతుంది. ఇంత సులువైన సంగతి ఆ పుస్తకం రాసినాయనకు ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను.

గొర్రెల కొట్టంలో గోధుమ తవుడు ఉంది. ఒక సంచి భుజాన వేసుకొచ్చాను. పెన్నుతో చిల్లులు పొడిచి, ఎండు ఖర్జూర మట్టను ఒడ్డు దగ్గర నీళ్లలో పాతి, దానికి వేలాడదీశాను. కాసేపటికే నీళ్లు కుతకుతలాడాయి. తిలాపియాలు భోజనాల బంతిలో చోటు కోసం పెళ్లివారిలా తోసుకుంటున్నాయి. వాటి వెనక నల్లటి పొడవాటి నీడలు తిరుగుతున్నాయి. పండుగప్పలు. నేను చేతులు కడుక్కుని వచ్చి, ఎవరికీ చెప్పకుండా, హాయిగా పడుకున్నాను.

తెల్లారి సాలెహ్, నేను చెరో గాలం వేశాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒక పండుగప్ప వచ్చింది. నా ఎరను చూసింది. దాని చుట్టూ మర్యాదగా ఒక ప్రదక్షిణ చేసింది. పెళ్లి భోజనం చేసి పందిరి దాటిన వాడికి మరమరాలు ఇస్తే ఎలా చూస్తాడో అలా చూసి వెళ్లిపోయింది. దాని వెనక ఇంకొకటి వచ్చి అలాగే చూసి అలాగే వెళ్లింది.

ఎండ ఎక్కింది. సాలెహ్ ఎరలు మార్చాడు, చోటు మార్చాడు, చివరికి ముఖం కూడా మారింది. ఈ చేపలు రోజూ మొదటి విసురుకే అందుకుంటాయని, వాటికేదో జబ్బు చేసిందని, నీళ్లు పరీక్షకు పంపించాలని మొదలుపెట్టాడు. లోపల పొయ్యి మీద చింతపండు పులుసు ఉడుకుతున్న వాసన వస్తోంది. అందులో పడాల్సిన చేప మాత్రం మా ముందు తీరిగ్గా తిరుగుతోంది. మట్టకు సంచి కనిపించడం లేదు, ముడి ఊడి మునిగిపోయినట్టుంది. నేను మనసులో దానికి దండం పెట్టాను.

అప్పుడు సాలెహ్ గాలం వంగింది. బరువుగా వంగింది. అతని ముఖం వెలిగింది. అమ్మ అదృష్టం అంటూ మెల్లగా, జాగ్రత్తగా లాగాడు. చాలాసేపు లాగాక ఒడ్డు చేరింది నా సంచి.

సాలెహ్ దాన్ని చేతుల్లోకి తీసుకుని చిల్లులన్నీ చూశాడు.

"ముహందిస్, ఇది నా గొర్రెలది."

ముహందిస్ అంటే ఇంజనీరు. ఆ మాట అంత బరువుగా నేనెప్పుడూ వినలేదు. చెప్పక తప్పలేదు. మా వైపు చేపలకు ఇలాగే పెడతామని చెప్పాను.

"పెట్టాక ఎప్పుడు పడతారు?"

"ఏడాదికి. వలతో."

సాలెహ్ మడుగును చూశాడు, ఇంటిని చూశాడు. తిలాపియాలు తవుడు తిన్నాయి, పండుగప్పలు తిలాపియాలను తిన్నాయి, తిననిది ఇక అతని తల్లి ఒక్కతే.

"అయితే అమ్మను వచ్చే ఏడాది భోజనానికి రమ్మని చెప్పనా?"

కోపంగా అన్నా బాగుండేది. చాలా మామూలుగా అడిగాడు. ఆ ఒక్కరోజు కోసం అతను ఎంత ఆశ పెట్టుకున్నాడో అప్పుడు అర్థమైంది.

వంటగది గుమ్మంలోకి వెళ్లి స్వరూపకు జరిగింది చెప్పాను. ఆమె నా ఖాళీ చేతులకేసి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. గరిటె పక్కన పెట్టి, "తోటల బెండకాయలున్నయి. తెంపుకరాండ్రి, లేతయి" అంది.

ఆడవాళ్ల వడ్డన లోపలి గదిలో. నేను, సాలెహ్ బయటి గదిలో కూర్చుని చెవులు మాత్రం అటు పెట్టాం. తర్వాత స్వరూప చెప్పింది ఇది. ఆమె ఉమ్మ్ సాలెహ్‌ను తినమని ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని, అన్నంలో బెండకాయ పులుసు పోసుకుని, తానే తినడం మొదలుపెట్టింది. ఆవిడ కాసేపు చూసి, చేప ఏదని అడిగింది. స్వరూప అబద్ధం చెప్పలేదు. తనకొచ్చిన అరబ్బీలో, చేపలన్నీ రాత్రి మా ఆయన పెట్టిన విందు తిని పడుకున్నాయని, లేచాక వస్తాయని చెప్పింది.

మాకు బయటికి ఒక నవ్వు వినిపించింది. గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలం వాడనట్టు ఉంది. సాలెహ్ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. తండ్రి పోయాక తల్లి నవ్వు అతను వినడం అదే మొదటిసారి. ఆ వెంటనే లోపల పళ్లెం జరిగిన చప్పుడైంది. ఆవిడ తన పళ్లెం ముందుకు తోసి, నాకూ పెట్టు అందట.

తిరుగు దారిలో కారులో స్వరూపను అడిగాను, తినమని ఎందుకు అనలేదని.

"దుఃఖంల ఉన్నోళ్లను తినుమంటే ఇంకింత బిగుసుకుంటరు. వాళ్ల ముందట కూసోని మనం తినాలె. అంతే" అంది. తర్వాత ఉస్ఫాన్ నుంచి జెద్దా దాకా తవుడు సంచి తలచుకుని నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత చాలా శుక్రవారాలు ఆ తోటలో తిన్నాం. గాలం మాత్రం సాలెహ్ నా చేతికివ్వలేదు.

స్వరూప పోయిన ఏడు చనిపోయింది. జబ్బు ఎక్కువ రోజులు లేదు. నేను మళ్లీ జెద్దాకు, ఉద్యోగానికి వచ్చాను. ఫోన్లలో అందరూ తిన్నావా అని అడిగేవారు, తిన్నానని చెప్పేవాణ్ని. నా బెల్టుకు మాత్రం కొత్త చిల్లులు పడుతున్నాయి. చిల్లులు పొడవడం నాకు బాగా వచ్చిన పనే కదా.

మొన్న ఒక శుక్రవారం సాలెహ్ వచ్చి నన్ను కారెక్కించుకుని తోటకు తీసుకెళ్లాడు. ఉమ్మ్ సాలెహ్ ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉంది. గుమ్మం దగ్గర నుంచి మమ్మల్నే చూస్తోంది. సాలెహ్ నా ఎదురుగా కూర్చున్నాడు. పళ్లెంలో అన్నం, బెండకాయ పులుసు. తినమని అనలేదు. తానే గబగబా, చప్పుడు చేస్తూ, వేళ్లు నాకుతూ తింటున్నాడు. అతనికి పులుపు పడదని నాకు తెలుసు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపలేదు.

"ఏమిటిది?" అన్నాను.

"అమ్మ ఆజ్ఞ. నిన్ను తినమని అనకూడదట, నీ ముందు తినాలట. సిస్టర్ స్వరూప నేర్పిన పద్ధతి" అన్నాడు. "త్వరగా మొదలుపెట్టు ముహందిస్, నా కడుపు మండిపోతోంది."

నేను పళ్లెం దగ్గరికి జరుపుకున్నాను. గుమ్మంలోంచి ఆ బొంగురు నవ్వు మళ్లీ వినిపించింది. ఇన్నేళ్లలో ఆ తోటలో గాలం లేకుండా పడిన చేప ఒక్కటే. అది నేను.

కాబట్టి పండుగప్పల సాక్షిగా, తిలాపియాల సాక్షిగా, సాలెహ్ గొర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పట్టబోయే చేపకు ఇక ఎన్నడూ ముందుగా భోజనం పెట్టను. నాకెవరైనా పెడితే, వద్దనను.