వడగళ్ల దారి

మదనపల్లె మండీలో టమోటాలు ఏరే కుసుమ నిమిషం కుదురుగా కూర్చోదు. మధ్యమధ్యలో లేచి, రసం అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుని, ఫోనులో ఢిల్లీ వాతావరణం చూస్తుంది. భర్త నాగేంద్ర టమోటా లోడుతో ఢిల్లీకి లారీ తోలుతాడు. చలికాలంలో ఉత్తరపు చలిగాలీ దక్షిణపు వెచ్చగాలీ ఢీకొంటే, వెచ్చనిది పైకెగసి సుడి కడుతుందనీ, ఆ సుడి పడమటి నుంచి వచ్చి వడగళ్లు కురిపిస్తుందనీ ఆమెకు ఆ ఫోనే నేర్పింది. ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం అందులో హెచ్చరిక చూసి భర్తకు ఫోను చేసింది.

"యాడుండావో ఆడ్నే బండి నిలుపు."

"నిలిపితే కాయ మెత్తబడతాది. సావుకారు ఊరుకుంటాడా?"

"కాయ పోతే ఇంకోటి ఏరుకుంటా. నిన్ను యాడ ఏరుకునేది?"

బండి పక్కకు తీసిన చప్పుడు ఫోనులో వినిపించింది. కాసేపటికి ఇంజను ఆగింది. ఆ వెనకే లారీ పైకప్పు మీద వడగళ్ల మోత మొదలైంది.

"ఇనపడతాండాదా?" అన్నాడు నాగేంద్ర, చిన్నగొంతుతో.

కుసుమ ఫోను చెవికి ఆనించుకుని కుదురుగా కూర్చుంది.