దోనె దిగని టీచరుగారు

మా టీచరుగారు పోయారన్న కబురు ఐసు బండి మీద వచ్చింది. కైకలూరు నుంచి రొయ్యల చెరువులకి ఐసు తెచ్చే డ్రైవరు ఇంజను ఆపకుండానే తల బయటపెట్టి, "ఏలూరు ఆస్పత్రిలో తెల్లారగట్ల పోయారంటండి" అన్నాడు. నేను గట్టు మీద మేత బస్తా విప్పుతున్నాను. మా ఆయన చెరువులో మోకాలి లోతున నిలబడి ఉన్నారు. ఆయన వంగి ఆ చెరువు నీళ్ళతోనే మొహం కడుక్కున్నారు. కడుక్కున్న మొహాన్నే మళ్ళీ మళ్ళీ కడుక్కున్నారు.

టీచరుగారి మణికట్టు విరిచింది ఆ చేతులే. ఆవిడ గురించి రాయాలంటే ఆ సంగతి దాచి రాయడం కుదరదు. దాచడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు కూడా.

నేను పెళ్ళయి ఈ లంక ఊరికి వచ్చేనాటికే ఆవిడ మా పక్కింట్లో ఉంటున్నారు. ఏలూరులో మిషను బడిలో చాలాకాలం పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ తాటాకు పాక వేయించి బడి పెట్టారు. ఆ పాక ముందు ఒక పాత తాటి దోనె ఉండేది. కొల్లేట్లో తిరిగి తిరిగి అడుగు పుచ్చిపోతే ఒడ్డున పారేసిన దోనె అది. తాటి మొద్దును తొలిచి చేసింది కాబట్టి ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేంత చోటే ఉంటుంది. శనివారం పొద్దున్నే పిల్లలంతా దాని చుట్టూ నేల మీద చేరేవారు. ఎవరికి ఎవరి మీద ఫిర్యాదు ఉంటే ఆ ఇద్దరూ దోనెలో కూర్చోవాలి. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా బయటివాళ్ళు నోరెత్తకూడదు. ఆ తరవాత చేతులెత్తాలి. ఎక్కువ చేతులు ఎటు లేస్తే అదే తీర్మానం. ఏం చదవాలి, ఎంతసేపు ఆడుకోవాలి, పాక ఎవరు ఊడవాలి, అన్నీ అలాగే తేలేవి. టీచరుగారు కూడా పిల్లల మధ్య నేల మీద కూర్చుని చెయ్యెత్తేవారు. ఓడిపోతే, "నాదీ ఒక్క చెయ్యేగా" అని లేచి చీపురు పట్టుకునేవారు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

"బెత్తం లేదు, పరీక్ష లేదు. పిల్లలు చెప్తే ఈవిడ వింటదంట. ఇదేం బడే?"

"ఏముంది, రేపు మన పిల్లలు మనకి హోంవర్కు ఇత్తారు."

నేనూ నవ్వేదాన్ని, కానీ చెయ్యి వెనక్కి పెట్టుకుని. నా కుడిచేతి చిటికెన వేలు వంకర. భీమడోలు దగ్గర మా ఊళ్ళో ఐదో తరగతి చదువుతుండగా ఎక్కం తప్పు చెప్పానని మాస్టారు చెక్క స్కేలు నిలువుగా పెట్టి కొట్టారు. వేలు వాచి నల్లబడింది. ఇంటికి వెళ్ళి చూపిస్తే మా నాన్న, "తప్పు చెప్పుంటావు" అని చెంప మీద ఇంకోటి వేశారు. నా చదువు అక్కడితో సరి.

ఒకరోజు గోడ మీంచి మజ్జిగ గిన్నె అందిస్తుంటే టీచరుగారు ఆ వేలు చూశారు. ఏమైందని అడగలేదు.

"ఎవరు కొట్టారమ్మా?" అన్నారు.

అంత సూటిగా నన్ను ఎవరూ అడిగి ఉండలేదు. గిన్నె ఆవిడ చేతిలో పెట్టి లోపలికి వచ్చేశాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. మర్నాడు గిన్నె తిరిగి ఇస్తూ మాత్రం, "దోనెలో పెద్దవాళ్ళూ కూర్చోవచ్చమ్మా" అన్నారు. వేలు ఒక్కటే కాదు, నా జబ్బ మీద కమిలిన మచ్చ కూడా చూశారని నాకు అప్పుడు తెలిసింది.

మా ఆయన చెరువుల మీద పని చేస్తారు. రొయ్యకి వైరసు తగిలినా, కరెంటు పోయి నీళ్ళలో తిరిగే ఏరియేటర్లు ఆగినా ఆ కోపం ఇంటికి వచ్చేది. ఇంటికి వచ్చాక నా మీదకి వచ్చేది. మా పాప అది చూస్తూనే పెరిగింది. టీచరుగారి బడిలో వేశాక కొత్తగా ఒక అలవాటు నేర్చుకుంది. అడగాల్సింది అడిగేస్తుంది.

ఒక రోజు మధ్యాహ్నం కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టారు. కళ్ళు బైర్లు కమ్మాయి. పాప అన్నం కంచం ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, "నాన్నా, నీ మీద ఫిర్యాదుంది. శనివారం దోనెలో కూచోవాలి" అంది.

ఆయన ముందు నవ్వారు. తరవాత చూరులోంచి దోనె తోసే గెడ లాగారు. నన్ను కాదు, పాపని కాదు, తిన్నగా బడికి వెళ్ళారు. నేను వెనకే పరిగెత్తాను.

మొదటి దెబ్బ దోనె మీద పడింది. ఒక పక్క చీలిపోయింది. పిల్లలు కేకలు వేస్తూ పాకలోకి దూరారు. టీచరుగారు బయటికి వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టి, "వద్దు బాబూ, పిల్లలున్నారు" అన్నారు.

"పిల్లల్ని తండ్రుల మీదకి ఉసిగొల్పుతావా?" అంటూ గెడ దించారు. ఎండిన తాటిమట్ట విరిగినట్టు చప్పుడైంది. ఆవిడ కూలబడ్డాక వీపు మీద ఇంకో దెబ్బ వేశారు. మగవాళ్ళు వచ్చి లాగకపోతే ఇంకోటి తల మీద పడేది.

చేతికి కట్టు కట్టించుకుని వచ్చిన ఆవిడతో ఊరి పెద్దలు, "కేసన్నా పెట్టండి, లేదంటే ఈ బడన్నా ఎత్తెయ్యండి టీచరుగారూ" అన్నారు.

"నన్ను కొట్టింది పిల్లల ఎదుట. ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి. కేసు సంగతి తరవాత" అన్నారు ఆవిడ.

స్టేషనుకి వెళ్తావా, దోనెలో కూర్చుంటావా అని పెద్దలు మా ఆయన్ని అడిగారు. "పిల్లకాయల ముందేగా" అని శనివారం నవ్వుతూ వచ్చి దోనెలో కూర్చున్నారు. ఎదురుగా టీచరుగారు. నేను కంచె బయట ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. పాపని ఆ బడి మాన్పించేస్తానని ఆయన ఇంట్లో అప్పటికే చెప్పారు. అది మానేస్తే నాలాగే అవుతుందని నాకు తెలుసు. నాకు ఉన్న భయం అదే.

పిల్లల్లో పెద్దవాడొకడు లేచాడు. "టీచరుగారిని ఎలా కొట్టాడో అలాగే కొట్టాలండి. అదే గెడతో."

"నాకు ఇష్టం లేదురా" అన్నారు టీచరుగారు. "కొడితే ఎవరికైనా వచ్చేది కొట్టడం ఒక్కటే."

"మీదీ ఒక్క చెయ్యేగా టీచరుగారండి."

చేతులు లేచాయి. దాదాపు అన్నీ లేచాయి. వాటిలో మా పాప చెయ్యి కూడా ఉంది. అది చూశాక మా ఆయన మొహంలో నవ్వు పోయింది.

తీర్మానం అయ్యాక ఫిర్యాదు చేసినవాళ్ళు దోనె దిగాలి. ఆవిడ దిగలేదు.

"దిగండి టీచరుగారండి" అన్నాడు గెడ పట్టుకున్నవాడు.

"దిగనురా. నేను ఓడిపోయాను, మిమ్మల్ని ఆపను. ఇక్కడే కూర్చుంటాను" అని, చోటు మార్చుకుని మా ఆయన పక్కకి ఇరుక్కుని కూర్చున్నారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు.

వాడు గెడ ఎత్తాడు. ఎటునుంచి కొట్టినా ఆవిడకి తగులుతుంది. కాసేపు చూసి, గెడ కింద పడేసి ఏడుస్తూ వెళ్ళిపోయాడు. ఇంకొకడు తీసి, వాడూ పడేశాడు. అప్పుడు మా పాప లేచింది. గెడ దానికంటే పొడుగు. రెండు చేతులా ఎత్తి కొట్టింది. వాళ్ళ నాన్న నుదురు చిట్లింది.

ఆయన లేచారు. దాని మీదకి చెయ్యెత్తారు. కనుబొమ్మ మీంచి రక్తం చొక్కా మీదకి కారుతోంది. టీచరుగారు ఆ చెయ్యి పట్టుకోలేదు. పమిట చెంగు తీసి ఆయన నుదుటికి అదిమిపట్టి, "చెయ్యి దించు బాబూ. రక్తం ఆగదు" అన్నారు.

చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. తరవాత దిగింది. పాప నేల మీద చతికిలబడి, "అమ్మా, నాన్నకి రక్తం వస్తంది" అంటూ కంచె వైపు నా కోసం చూసింది.

నేను కంచె దాటి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. పాపని ఎత్తుకుని దోనె అంచు మీద కూర్చున్నాను. ఊరంతా నా వైపు చూస్తోంది.

"ఈయన నన్ను కొడతారండి" అన్నాను. "పెళ్ళయిన దగ్గర్నుంచీ కొడతారు. అన్నం దగ్గర కూడా కొడతారు. నా పిల్ల ఈ బడి మానదు."

అంతే. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం టీచరుగారు మా గుమ్మంలోకి వచ్చి, ఆయన వింటుండగానే, "స్టేషనులో రాయించి పెడదామా అమ్మా? చెప్పాల్సింది నువ్వు" అని అడిగారు. రాయించమన్నాను. ఇద్దరం వెళ్ళి రాయించాం. ఆ పై శనివారం పిల్లలు తమ తీర్మానాన్ని తామే కొట్టేశారు. ఈ బడిలో ఎవర్నీ కొట్టకూడదు, కొట్టినవాళ్ళని కూడా కొట్టకూడదు, అందరి చేతులూ లేచినా సరే కొట్టకూడదు అని కొత్తది పెట్టుకున్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది మా పాప. చీలిన దోనె బాగుచేసే పని మా ఆయనకి వేశారు. నూనె డబ్బా రేకు కత్తిరించి మేకులు కొట్టారు. నుదుటి మీద ఆ మచ్చ ఆయనకి ఇప్పటికీ ఉంది.

ఆయన దేవుడైపోలేదు. తరవాత కూడా చెయ్యి లేచింది. ఒకసారి పడింది కూడా. ఆ వారం నేను దోనెలో కూర్చున్నాను, ఎదురుగా ఆయన్ని కూర్చోబెట్టారు. టీచరుగారు ఎప్పటిలాగే నేల మీద కూర్చుని, చివర్న చెయ్యెత్తారు.

ఆ చెయ్యి సరిగ్గా అతకలేదు. కట్టు విప్పాక మణికట్టు లోపలికి వంగే ఉండిపోయింది. చీపురు ఎడమ చేత్తో పట్టుకునేవారు. చెయ్యెత్తాల్సి వస్తే మాత్రం కుడిచెయ్యే ఎత్తేవారు. "నొప్పి లేదాండి?" అంటే, "వానల్లో ఉంటుందమ్మా" అనేవారు.

ఏలూరులో ఆవిడని సమాధి చేశాక వచ్చిన మొదటి శనివారం పిల్లలు దోనె చుట్టూ చేరారు. ఇక ఈ పాక మూసేసి పిల్లల్ని వేరే బడుల్లో వేసేద్దామని పెద్దలు అంటున్నారు. ఆవిడ దగ్గరే చదువుకుని పెద్దవాళ్ళయిన ఇద్దరమ్మాయిలు నడుపుతామంటున్నారు. ఏ సంగతైనా పిల్లలే తేల్చాలి. నేను కంచె లోపలే కూర్చున్నాను. మా ఆయన మేత బస్తా భుజాన పెట్టుకుని వెళ్తూ దారిలో ఆగారు.

"బడి ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి" అంది మా పాప.

పెద్ద పిల్లల చేతులు తిన్నగా లేచాయి. ముందు వరసలో చిన్నపిల్లలు ఉన్నారు. టీచరుగారి చెయ్యి విరగక ముందు ఎలా ఉండేదో వాళ్ళకి తెలియదు. చెయ్యెత్తడం అంటే అలాగే అనుకున్నారు. ఆ చిట్టి చేతులన్నీ పైకి లేచి, మణికట్టు దగ్గర లోపలికి వంగి, ఎండలో అలాగే ఉన్నాయి. మా ఆయన భుజం మీద బస్తా దించకుండా వాటినే చూస్తూ నిలబడిపోయారు.