అవ్వ పసుపు డబ్బా

బోధన్‌లో మా వీధి చివరి కిరాణా దుకాణం ముందు అట్టముక్క వేలాడుతోంది. ఒక కంపెనీ పసుపులో సీసం కలిసిందట, ఫలానా నంబరు ప్యాకెట్లు వాపస్ తెమ్మని రాసి ఉంది. ఏటా మోర్తాడ్ నుంచి మేనమామ పంపే పసుపు ఆ ఏడు రాలేదు. మేం వాడుతున్నది ఆ కంపెనీదే. పైగా కాన్పుకని వచ్చిన అక్కకు ఏడో నెల.

ఇంటికి ఉరికి ప్యాకెట్ ఏదని అమ్మను అడిగాను. అవ్వ అని పిలుస్తాం ఆమెను. బీడీలు చుడుతూనే, "కవర్ ఎవరు దాస్తరు బిడ్డా? డబ్బాల పోసి పారేసిన," అంది.

కన్నతల్లని కూడా చూడకుండా అరిచాను. పసుపు డబ్బా అడుగు కనబడితే ఇంటికి అరిష్టమని ఆమె పాతదాని మీదే కొత్తది పోస్తుంది. అందులో ఏది మంచిదో, ఏది విషమో ఎవరు చెప్పాలి? ఇప్పుడైతే నేను నంబరున్న ముక్క కత్తిరించి డబ్బా మూతకు అంటిస్తాను. అప్పుడు ఆ తెలివి ఎవరికుంది?

"మొత్తం పారబొయ్యి," అన్నాను.

"కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల ఉండంగ పసుపు పారబోస్తరా? గదేం మాట?"

భయంతో అక్క ముఖం పాలిపోయింది. మర్నాడు నిజామాబాద్ పోయి అక్క రక్తం పరీక్షకు ఇచ్చి వచ్చాం. రిపోర్టుకు నాలుగు రోజులన్నారు. అవ్వ దారికొచ్చినట్టే కనబడింది, కొత్త పసుపు తెప్పించి అక్కకు విడిగా వండింది. పాతది ఏం చేశావంటే, "తీసేసిన," అంది. నమ్మాను.

మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లోకి పోతే అవ్వ ఒక్కతే తింటోంది. పళ్లెంలో పప్పు మరీ పచ్చగా ఉంది. పక్కనే పాత పసుపు డబ్బా, సగానికి పైగా దిగిపోయి.

"ఏందవ్వా గిది?"

"పారబోస్తె పిల్లకు మంచిది కాదు. ఉంచితె ఎన్నడన్న దాని కూరల పడుతది," అంది తలెత్తకుండా. "గందుకే నేనే తిని ఒడగొడుతున్న. నాకేమైతది? నాకింక కాన్పులున్నయా, పురుళ్లున్నయా?"

పళ్లెం లాక్కుని ఏడ్చాను. అక్క రిపోర్టు తేవడానికి పోయిన రోజు అవ్వను కూడా వెంట తీసుకుపోయి రక్తం ఇప్పించాను. అక్కకు ఏమీ లేదన్నారు. అవ్వ రిపోర్టు ఇంకా రావాలి.