చక్‌లో గుండ్రం

ఇబ్రహీంపట్నం దగ్గర మా షెడ్డులో తయారైన ప్రతి వస్తువూ అద్దంలా మెరవాలి. యజమాని పట్టింపు అది. రావిర్యాల వైపు భూముల ధరలకు రెక్కలొచ్చిన కాలంలో పొలం అమ్మి లేత్ మిషన్లు కొన్న మనిషి. కొలతల గురించి ఎంత చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. కొలిచి, కాగితం మీద సంతకం పెట్టే పని నాది. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

ఒకసారి పలచటి అల్యూమినియం గరాటుల ఆర్డర్ వచ్చింది. తెచ్చిన మేడం టెలిస్కోపు కట్టే బృందంలో సైంటిస్టు. విశ్వం పుట్టిన కొత్తలో బయలుదేరిన వెలుగు ఇంకా ఆకాశమంతా ఉందట. దాని అలలు ఏ వైపుకు ఒరిగి ఊగుతున్నాయో ఒక ఎత్తయిన చలి కొండ మీద నుంచి కొలుస్తారట. దాన్నే ధ్రువణం అంటారని చెప్పింది.

“చాలా చిన్న ఒరుగు అది. ఆ వెలుగు ఈ గరాటుల్లోంచే టెలిస్కోపు లోపలికి వస్తుంది. గరాటు గుండ్రం తప్పితే, లేని ఒరుగును అదే పుట్టిస్తుంది. మేం ఆకాశానిదే అనుకుని మోసపోతాం,” అంది.

మా షెడ్డులో వస్తువును లేత్ మీద పట్టులా ఉండే చక్ రెండు దవడల మధ్య బిగించి కోస్తాం. ఆ బిగింపులో ఉండగానే కొలుస్తాం. విప్పి కొలిస్తే టైం దండగని యజమాని రూలు. ఇనుప దిమ్మెలకు అది చెల్లింది. అనుమానం వచ్చి ఒక గరాటును విప్పి కొలిచాను. చక్‌లో గుండ్రంగా ఉన్నది, విప్పగానే కోడిగుడ్డులా సాగింది. తీసుకెళ్లి యజమానికి చూపించాను.

“ఆకాశంల ఎవడు చూడొస్తడు? మెరుస్తుంది గదా!”

“అన్నా, గుండ్రంగ లేదే. ఆమె అడిగిందే గది.”

“చక్‌ల సరిగనే ఉంది గదా. గదే రాయి.”

పైన పటారం, లోన లొటారం. తెలిసీ రాశాను. ఇంటి ఖర్చులనీ మరోటనీ సాకులు చెప్పను. ఆయనతో మాట పడటం ఇష్టం లేక రాశాను.

గరాటులు తీసుకోవడానికి వచ్చినప్పుడు మేడం కాగితం చూసి, “మీరే కొలిచారా?” అని అడిగింది.

“అవ్ మేడం.”

“అయితే చాలు.”

యజమాని నవ్వుతూ ఆమెకు చాయ్ అందించాడు. ఆమె ఒక్కొక్క గరాటునూ నూలు చీర ముక్కలో చుట్టి పెట్టెలో సర్దుకుంది. ఆ సాయంత్రం తుర్కయాంజాల్ దాకా షేర్ ఆటోలో నా చెయ్యి నాకే అసహ్యంగా కనిపించింది.

ఏడాది తర్వాత ఆమె ఉత్తరం వచ్చింది. టెలిస్కోపును ఎటు తిప్పితే ఒరుగూ అటే తిరిగిందట. అంటే అది ఆకాశానిది కాదు. అద్దాలు విప్పారు, వైర్లు మార్చారు. ఆకాశం తేటగా ఉండే చలికాలమంతా అందులోనే పోయింది. “మీ కొలతల కాగితం ఉంది కాబట్టి గరాటులను అన్నిటికన్నా చివర చూశాం. తప్పు వాటిలోనే దొరికింది,” అని రాసింది. ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేది.

యజమానికి చదివి వినిపించాను.

“మళ్ల చేసిస్తమని రాయి. ఈసారి జర మంచిగ మెరుగు పెట్టిద్దాం,” అన్నాడు.

రాశాను. ఈసారీ కొలతల బాధ్యత మాదేనని కూడా రాశాను. చక్‌లో బిగించే కొలుస్తామని మాత్రం రాయలేదు. కింద సంతకం నాదే.