కందిపుల్ల మోటారు

ఎల్లస్వామికి ఈ భూమ్మీద ఎవరితోనూ పగ లేదు, ఒక్క బావి మోటారు స్టార్టరు డబ్బాతో తప్ప. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మనిషి పోయి ఆకుపచ్చ బటన్ ఒత్తాలి. పోవాలంటే ముందు లేవాలి, తర్వాత నడవాలి. ఆ రెండూ అతని జాతకంలో లేవు.

ధర్మసాగర్ అవతల ఆ ఊళ్లో బావుల మీదికి మోటార్లు వచ్చిన కొత్త అది. మోట కొట్టీ కొట్టీ తండ్రి నడుం వంగిపోయి కాలం చేశాడు. ఆ నడుమును చూసే కొడుక్కి పనంటే ఏమిటో పూర్తిగా తెలిసిపోయి, ఇక దాని జోలికి పోలేదు. అందుకని బటన్ ఒత్తడం భార్య మొగిలమ్మ వంతు. దానికి ముందు ఇంకో పనుంది. బావిలోకి దిగిన గొట్టం అడుగు మూత కారుతుంది. గొట్టం నిండా నీళ్లుంటేనే మోటారు నీళ్లు లాగుతుంది, లేకుంటే ఉత్తగా తిరుగుతుంది. కాబట్టి ముందు బిందెలతో తోడి గొట్టంలో పోయాలి.

ఒక యాసంగి నాట్లప్పుడు ఎల్లస్వామికి బుద్ధి వికసించింది. బటన్ ఒత్తి, మళ్లీ పైకి లేవకుండా కందిపుల్ల దోపి, సైకిల్ ట్యూబుతో బిగించాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. వరంగల్ నుంచి డాంబరు డ్రమ్ము తెచ్చి పంపు పైన గద్దె కట్టి నిలిపాడు. అందులోంచి గొట్టంలోకి నీళ్లు దిగుతూ ఉంటాయి. మోటారు నడిచేటప్పుడు సన్న రబ్బరు పైపు ఒకటి డ్రమ్మును మళ్లీ నింపుతుంది. ఆలోచన మంచిదే, కాదనకూడదు. పుట్టి బుద్ధెరిగాక అతను చెమటోడ్చింది అప్పుడే.

"ఆటోమాటిక్!" అని కల్లు మండువలో చాటాడు.

వారం తిరక్కుండానే రబ్బరు పైపు ఎండకు పగిలింది.

"ఓ అయ్యా, పైపు పలిగింది. డ్రమ్ము నిండుత లేదు" అంది మొగిలమ్మ.

"ఏందే, మోటర్ నడుస్త లేదా?"

"నడుస్తాంది. నేను బిందెలు పోస్తాన గాబట్టి నడుస్తాంది."

"నడుస్తాంది గదా! ఇగ నా సెట్టింగుకు వంక పెట్టకు."

అట్లా బటన్ ఒత్తే చిన్న పని తప్పి, పొద్దుమాపు డ్రమ్ము నింపే పెద్ద పని ఆమె నెత్తిన పడింది. ఊరి మగవాళ్లు వచ్చి కందిపుల్లను చూసి తలలూపేవాళ్లు. బిందెతో వాళ్లను తప్పించుకుంటూ పోయే ఆడమనిషి ఎవరికీ కనబడలేదు. ఆమె కూడా ఆ సెట్టింగులోదే అనుకున్నారేమో.

అంతలో మేడారం జాతర వచ్చింది. బిడ్డ జ్వరం తగ్గితే ఎత్తు బంగారం ఇస్తానని అమ్మలకు మొగిలమ్మ మొక్కింది. అక్కడ బెల్లాన్నే బంగారమంటారు. బిడ్డ దక్కలేదు, మొక్కు ఉండిపోయింది. ఆఖరుసారి ఎత్తుకున్న బరువు చేతులకు గుర్తుంది. అంత బెల్లం మూటగట్టింది.

పక్క బావి గట్టయ్య తన మడి నిండా నీళ్లు పెట్టి, స్టార్టరు ఫ్యూజులు పీకి, మూటలో వేసుకుని మరీ బండెక్కాడు.

"మనం గూడ మడి నింపి, పుల్ల పీకి పోదామయ్యా. నాటు పచ్చిగున్నది. అది పోతే ఏడాదంత కూలికి పోవుడే" అంది మొగిలమ్మ.

"అండ్ల మనిషితోని పనేమున్నదే? ఫికర్ చెయ్యకు."

మేడారం జంపన్నవాగులో మునిగి లేచి ఎల్లస్వామి సూర్యుడి వంక చూశాడు. "ఇగో, గిప్పుడు కరెంటొచ్చింది. నా మోటర్ లేసింది. మూలమడికి నీళ్లెక్కుతానయ్."

"జర గట్టిగ అను బావా, గీడికెల్లి ఇంటదేమో నీ మోటర్!" అన్నాడు గట్టయ్య.

మోటారు మాట తప్పలేదు. కరెంటు వచ్చినప్పుడల్లా లేచింది. ఖాళీ డ్రమ్ము కింద, ఖాళీ గొట్టంతో తిరిగీ తిరిగీ బిగుసుకుని కాలిపోయింది. వాళ్లు వచ్చేసరికి కందిపుల్ల మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. మడి నెర్రెలిచ్చింది.

"కరెంటే మంచిగలేదు" అని తేల్చాడు ఎల్లస్వామి. వరంగల్లో మోటారు బాగుచేసే అతను మళ్లీ వారం రమ్మన్నాడు. నాటుకు వారం ఆగే ఓపిక లేదు.

మొగిలమ్మ గట్టయ్య ఇంటికి పోయింది. "గట్టన్నా, నాటు ఎండుతాంది. నీ బాయి నీళ్లు జర పెట్టియ్యరాదే."

"ఎందుకియ్యను చెల్లె! గని నాది ఆటోమాటిక్ గాదు, నా గొట్టం గూడ కారుతది. బావనే వచ్చి కూసోవాలె. బిందెలు పొయ్యాలె, కరెంటు వచ్చేదాక సూడాలె, బటన్ ఒత్తాలె. నువ్వు బిందె ముట్టినవనుకో, నీళ్లు బంద్."

ఎల్లస్వామి వచ్చాడు. రాక చేసేదేముంది? బిందె బిందెకూ నడుం పట్టుకుని, తండ్రిని తలుచుకుంటూ పోశాడు. కరెంటు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా లేచాడు. కాలువ దాటి నీళ్లు మడిలోకి జారాయి. సగం నాటు అప్పటికే పోయింది, సగం దక్కేటట్టుంది.

మొగిలమ్మ గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. గట్టయ్య వచ్చి అడిగాడు.

"ఎట్లున్నది చెల్లె, కొత్త సెట్టింగు?"

"మంచిగనే ఉన్నదన్నా. జర మూలుగుతాంది గని, నడుస్తాంది."